మా అమ్మమ్మ దీవి: అక్కడి జనం లెక్క, పంచాయతీ కథ



ప్రతి ఏడాది ఈ పుస్తకంలో నేను రాసేది మా సంఘం లెక్కలే. పొదుపు ఎంత, బ్యాంకు లింకేజీ ఎంత వచ్చింది, ఎవరెవరు తిరిగి కట్టారు, ఎంత బాకీ ఉంది. ఈసారి మీటింగులో లీడర్లందరినీ మీకు తెలిసిన ఒక ఊరి చరిత్ర రాయమన్నారు. నేను చదివింది పదో తరగతి. చరిత్ర అంటే నాకు స్కూల్లో రాజుల పేర్లు బట్టీ పట్టడమే గుర్తు. అందుకని మా అమ్మ పుట్టిన ఊరు గురించి రాస్తున్నాను. ఇదీ లెక్కల గురించే, కాకపోతే మనుషుల లెక్క.

ముందు మన టోలిచౌకి సంగతి చెప్తాను. 2020 అక్టోబరు 13 రాత్రి వాన ఎవరూ మర్చిపోలేదు. షా హాతిం చెరువు నీళ్లు నదీం కాలనీలోకి వచ్చి ఎన్నో రోజులు పోలేదు. పడవలు వేసుకుని పాలు, రొట్టెలు, మందులు ఇచ్చారు. కింది వాటాల్లో ఉన్నవాళ్లు పైకెక్కి కూచున్నారు. మా అమ్మ నా దగ్గరే ఉంటుంది. ఆ పడవల్ని చూసి, "హైదరాబాదు వచ్చినా నాకు నీళ్ల బాధ తప్పలేదే అమ్మాయ్" అంది. తర్వాత పదివేల సాయం అని ప్రకటించారు. మా గల్లీకి పేర్లు రాసుకోవడానికి ఒకతను వచ్చాడు. ఒక ఇంట్లో నాలుగు వాటాలుంటే తలుపు ఒకటే కదా అని ఒక్క పేరు రాసుకున్నాడు. కిరాయికి ఉన్న ముగ్గురి సామాన్లు కూడా తడిసినాయి. అడిగితే, "లిస్టులో ఒక ఇల్లే ఉంది" అన్నాడు. ఆ రోజు సాయంత్రం మా అమ్మ అన్నం తింటూ, "77లో మా అమ్మకీ ఇదే మాట చెప్పారు" అంది. నేను అప్పటిదాకా ఆ కథ పూర్తిగా వినలేదు. ఆ రాత్రే కూచోబెట్టి అడిగాను.

మా అమ్మ పుట్టింది ఎదురుమొండి. కృష్ణా జిల్లా నాగాయలంక మండలం. కృష్ణానది సముద్రంలో కలిసేముందు పులిగడ్డ దగ్గర రెండు పాయలుగా చీలుతుంది. ఆ రెండు పాయలకీ సముద్రానికీ మధ్య ఉన్న నేలనే దివిసీమ అంటారు. అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు అన్నీ అందులోవే. అది పెద్ద దీవి. బస్సులు తిరుగుతాయి, వంతెనలు ఉన్నాయి, పులిగడ్డ అక్విడక్టు మీదుగా కాలవ నీళ్లు కూడా వస్తాయి. ఆ పెద్ద దీవికి చివర నదిలో మళ్లీ చిన్న దీవులు ఉన్నాయి. ఎదురుమొండి అలాంటిది. అటుపక్క నాచుగుంట, ఈలచెట్లదిబ్బ ఉన్నాయి. నాగాయలంక దాకా బస్సులో పోయి, అక్కణ్ణుంచి ఏటిమొగ రేవుకి పోయి, పంటు ఎక్కాలి. పంటు అంటే మనుషుల్ని, మోటారు సైకిళ్లని, బస్తాల్ని అన్నిటినీ ఒకేసారి ఏరు దాటించే పెద్ద బల్లకట్టు. గాలి ఎక్కువైతే ఆపేస్తారు. రాత్రి అయితే ఇక తెల్లారేదాకా ఎక్కడివాళ్లు అక్కడే.

దీవిలో ఎక్కువ మంది చేపల వేట మీద బతికే అగ్నికుల క్షత్రియులు. మా ఊళ్లో పల్లెకారులు అనే పాత మాట కూడా ఉంది. యానాదులు ఉన్నారు. పీతలు పట్టడంలో వాళ్లని మించినవాళ్లు లేరని మా అమ్మ ఇప్పటికీ చెప్తుంది. దళితులు, మిగతా కులాలవాళ్లు ఉన్నారు. వరి వేసేవాళ్లు, రొయ్యల చెరువుల్లో కూలికి పోయేవాళ్లు, గేదెలు మేపేవాళ్లు ఉన్నారు. మగవాళ్లు వేటకి పోతే ఇల్లు, అప్పు, పిల్లలు, చేపలు ఎండబెట్టి అమ్మడం అన్నీ ఆడవాళ్ల మీదే. వయసు పిల్లలు చాలామంది విజయవాడ, హైదరాబాదు పోతున్నారు. మా నాన్న కూడా అట్లాగే వచ్చాడు. సినిమా సెట్లకి వడ్రంగి పని దొరికింది, ఫిలింనగర్ బస్తీలో కిరాయి గది తీసుకున్నాడు. నేను పుట్టింది ఆ గదిలో ఉన్నప్పుడే. పెళ్లయినాక టోలిచౌకి వచ్చాను.

ఇక ఆ దీవిని ఎవరెవరు పాలించారు అనే సంగతి. పాత రాజుల గురించి నేను ఎక్కువ రాయను. 1759లో ఇంగ్లీషు కంపెనీ సైన్యం ఫ్రెంచివాళ్ల చేతిలో ఉన్న మచిలీపట్నం కోట పట్టుకుంది. దాంతో ఆ తీరమంతా కంపెనీ కిందికి పోయింది. దొరలకి కావాల్సింది శిస్తు. అంటే మనుషుల లెక్క కన్నా ఎకరాల లెక్కే వాళ్లకి ముఖ్యం. 1864 నవంబరు 1న మచిలీపట్నం మీదికి పెద్ద ఉప్పెన వచ్చింది. సుమారు 30 వేలమంది పోయారని చెప్తారు. మన దేశంలో మొదటి జనాభా లెక్క 1872లో జరిగింది. అంటే ఆ ఉప్పెన వచ్చినప్పటికి దేశమంతటా మనుషుల్ని లెక్కపెట్టడం ఇంకా మొదలే కాలేదు. ఆ 30 వేలు కూడా అందాజుగా వేసిందే అయి ఉండాలి.

తర్వాత దివి తాలూకా అయింది, అవనిగడ్డ ముఖ్యస్థానం. ఊరికి కరణం, మునసబు. కరణం దగ్గర భూమి పుస్తకం, మునసబు దగ్గర పుట్టుక చావుల పుస్తకం. ఆ పదవులు తండ్రి నుంచి కొడుక్కి వచ్చేవి. దీవిలో బిడ్డ పుడితే ఆ మునసబు దగ్గరికి పోయి రాయించుకోవాలి. వేటకి పోయేవాడికి ఆ తీరిక ఉండేది కాదు. మగపిల్లవాడైతే ఎప్పటికైనా రాయించేవాళ్లు, ఆడపిల్లయితే అదీ లేదు అని మా అమ్మమ్మ అనేదట. ఇది నేను విన్నది మాత్రమే, మునసబు పుస్తకం నేను చూడలేదు.

1959లో పంచాయతీరాజ్ వచ్చింది. రాజస్థాన్ తర్వాత మన ఆంధ్రప్రదేశే మొదలుపెట్టింది. షాద్‌నగర్‌లో నెహ్రూ గారు ప్రారంభించారు. గ్రామ పంచాయతీ, పైన సమితి, ఆ పైన జిల్లా పరిషత్తు. 1964లో గ్రామ పంచాయతీల చట్టం వచ్చింది. పేరుకి ఊరికి సర్పంచ్ వచ్చాడు గానీ, ఊరి కాగితాలు కరణం మునసబుల దగ్గరే ఉండిపోయాయి. 1977లో పరిస్థితి ఇది.

1977 నవంబరు 19, శనివారం. మా అమ్మకి అప్పుడు తొమ్మిదేళ్లు. పొద్దుటి నుంచి గాలి. సాయంత్రానికి సముద్రం లేచింది. తాడిచెట్టంత అల అని దివిసీమలో ఎవర్ని అడిగినా చెప్తారు. ఐదారు మీటర్ల ఎత్తు అని తర్వాత లెక్క కట్టారు. నీళ్లు లోపలికి పది పన్నెండు కిలోమీటర్లు దాటి పోయాయి. సొర్లగొంది, పాలకాయతిప్ప లాంటి ఊళ్లు తుడిచిపెట్టుకు పోయాయి. మా అమ్మమ్మ మా అమ్మని నడుముకి చీరతో కట్టుకుని తుమ్మచెట్టు పట్టుకుంది. తుమ్మ ముళ్లు గుచ్చుకున్న మచ్చలు ఆమె చేతుల మీద చివరిదాకా ఉన్నాయి. నాలుగేళ్ల కొడుకు తాత చేతిలోంచి జారిపోయాడు. పదకొండు రోజుల పసిబిడ్డ ఉయ్యాలతో సహా పోయింది. కోతలకి సాయం వచ్చిన అమ్మమ్మ మేనమామ కొడుకు ఒకతను గొడ్ల చావడిలో పడుకుని ఉన్నాడు. అతని శవం కూడా దొరకలేదు.

కొన్నాళ్లకి పోయినవాళ్ల పేర్లు రాసుకోవడానికి వచ్చారు. కొడుకు పేరు రాసుకున్నారు. పసిబిడ్డ పేరు ఏంటి అని అడిగారు. ఇరవై ఒకటో రోజు పెడదామనుకున్నారు, పేరు లేదు. పుస్తకంలో రాయించలేదు. "పేరు లేకుండా ఏమని రాయాలమ్మా" అన్నాడట రాసేవాడు. మేనమామ కొడుకుది వేరే ఊరు, కాబట్టి ఇక్కడ రాయరు. అతని ఊళ్లోనేమో ఇక్కడ పోయాడు కాబట్టి రాయలేదు. మా ఇంటి నుంచి పోయింది ముగ్గురు, కాగితం మీద ఒక్కరు.

ఆ ఉప్పెనలో మొత్తం ఎంతమంది పోయారు అంటే, ప్రభుత్వ లెక్క పదివేలకి దగ్గర. 14 వేలు దాటిందని ఇంకో లెక్క. ఈ తేడా చదివినప్పుడల్లా నాకు మా ఇంటి ముగ్గురూ ఒక్కరూ గుర్తొస్తారు. పంట కోతల కాలం, ఇతర ఊళ్ల కూలీలు, పేరు పెట్టని పిల్లలు, ఇంటికి ఇల్లే పోతే చెప్పడానికి ఎవరూ మిగలనివాళ్లు. శవాల్ని గుట్టలుగా పెట్టి కాల్చిన చోట ఎవరి పేరు ఎవరు చెప్తారు?

సాయం మాత్రం చాలా వచ్చింది, అది కూడా రాయాలి. అవనిగడ్డ నుంచి గెలిచిన మంత్రి మండలి వెంకటకృష్ణారావు గారు జనం మధ్యే ఉండి పనిచేశారని దివిసీమ అంతా చెప్పుకుంటుంది. ఎన్టీఆర్, ఏఎన్నార్ ఇద్దరూ కలిసి ఊరూరా తిరిగి జోలె పట్టారు. అప్పటికి మన ఫిలింనగర్ ఇప్పుడున్నట్టు లేదు, సినిమావాళ్లు ఎక్కువగా మద్రాసులోనే ఉండేవాళ్లు. మా నాన్న సెట్లో పనిచేసేటప్పుడు, "మాది దివిసీమ" అంటే పెద్ద నటులు కూడా ఆగి మాట్లాడేవాళ్లట. ఆ మాట మా నాన్న చెప్పినన్ని సార్లు ఇంకేదీ చెప్పలేదు!

ఉప్పెన తర్వాత తీరంలో తుపాను షెల్టర్లు కట్టారు, హెచ్చరికలు మెరుగయ్యాయి. 1990 మే నెలలో మళ్లీ అంత పెద్ద తుపానే కృష్ణా తీరాన్ని కొట్టింది. ఆసారి లక్షన్నర మందిని ముందే తరలించారు. పోయినవాళ్లు వెయ్యి లోపే. వెయ్యి తక్కువేం కాదు. కానీ 1977తో పోల్చి చూడండి. తరలించాలంటే ఏ ఇంట్లో ఎవరున్నారో ముందు తెలియాలి కదా.

ఈలోపు పాలన కూడా మారింది. 1984 జనవరిలో ఎన్టీఆర్ ప్రభుత్వం కరణం, మునసబు పదవులు తీసేసింది. 1985లో తాలూకాలు పోయి మండలాలు వచ్చాయి. దీవివాళ్లకి ఇది నిజంగా మేలు చేసింది. అంతకుముందు ప్రతి కాగితానికి అవనిగడ్డ పోవాలి, ఇప్పుడు ఏరు దాటి నాగాయలంక పోతే చాలు. 1992లో రాజ్యాంగానికి 73వ సవరణ చేశారు, 1994లో మన రాష్ట్ర పంచాయతీరాజ్ చట్టం వచ్చింది. ఆడవాళ్లకి మూడో వంతు సీట్లు. తర్వాత దాన్ని సగం చేశారు, 2013 ఎన్నికల్లో సగం సీట్లు ఆడవాళ్లవే.

ఆ 1994 చట్టంలో ఒక పట్టిక ఉంది. మన ఆర్పీ మేడం దగ్గర చూశాను. జనాభా 300 లోపు ఉంటే వార్డు మెంబర్లు 5. 500 దాకా 7. 1,500 దాకా 9. మూడు వేల దాకా 11. అలా పెరుగుతూ పోతుంది. ఎస్సీ, ఎస్టీ సీట్లు కూడా వాళ్ల జనాభాని బట్టే. 15వ ఆర్థిక సంఘం రాష్ట్రాలకి పంచాయతీ డబ్బులు పంచేటప్పుడు 90 శాతం జనాభా చూసింది, 10 శాతం విస్తీర్ణం చూసింది. ఆంధ్రలో 2019లో గ్రామ సచివాలయాలు పెట్టినప్పుడు రెండు వేల మందికి ఒకటి అని లెక్క. నేను ఒకటే గమనించాను. ఈ పట్టికల్లో ఎక్కడా నీళ్లు లేవు. ఒడ్డు మీద ఉన్న 1,400 మందికీ, ఏరు అవతల ఉన్న 1,400 మందికీ ఒకటే లెక్క. ఒడ్డు మీది ఊరికి పక్క ఊరి ఆసుపత్రి ఉంటుంది. దీవికి పక్క ఊరు అంటే పంటు. అందుకే వంతెన కావాలని ఏళ్ల తరబడి అడుగుతున్నారు.

మన సంగతి కూడా పక్కన పెట్టి చూడండి. 2011 లెక్కలో గ్రేటర్ హైదరాబాద్ జనాభా 67 లక్షల పైచిలుకు. 2020 ఎన్నికలప్పుడు డివిజన్లు 150. అంటే ఒక్కో కార్పొరేటర్‌కి సగటున 45 వేలమంది. 1,500 మంది ఉన్న పంచాయతీలో తొమ్మిది మంది మెంబర్లు, పైన సర్పంచ్. ఒక్కో మెంబర్‌కి 170 మంది కూడా రారు. మా పిన్ని ఈ మాట విని నవ్వి, "మీ మెంబరు మొహం మీరు ఎప్పుడన్నా చూశారా?" అని అడిగింది. నేను చూశానులే, కానీ ఆమె నన్ను చూసిందని చెప్పలేను.

మా పిన్ని సంగతి చెప్పే తీరాలి. అమ్మకి చెల్లెలు, ఉప్పెన తర్వాత పుట్టింది. 2013లో వార్డు మెంబరుగా గెలిచింది. ఆడవాళ్ల సీటు కాబట్టే నిలబెట్టారు. మొదటి ఏడాది అందరూ మా బాబాయినే మెంబరుగారు అని పిలిచారు. మీటింగుకి ఆయన పోయి కూచునేవాడు, రిజిస్టరులో సంతకం మాత్రం పిన్నిది. అప్పటికే పిన్ని పొదుపు సంఘంలో లీడరు, గ్రామ సమాఖ్యలో కూడా ఉంది. అక్కడ తీర్మానం రాయడం, చదివి వినిపించడం, సంతకాలు పెట్టించడం అన్నీ వచ్చు. ఒకరోజు పంచాయతీ మీటింగులో, "నేను చదవకుండా సంతకం పెట్టను, చదువుతా ఉండండి" అని గంటసేపు అందర్నీ కూచోబెట్టిందట. ఆ తర్వాత బాబాయి పోవడం మానేశాడు. ఆయనకి విసుగు వచ్చి మానేశాడని పిన్ని చెప్తుంది, సిగ్గేసి మానేశాడని మా అమ్మ చెప్తుంది.

పిన్ని చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఒక నోటుబుక్కు. రెండొందల పేజీల మామూలు లాంగు బుక్కు. తన వార్డులో ప్రతి ఇంటికి ఒక పేజీ. ఇంట్లో ఎవరెవరు, వయసు, వేటకి పోతే ఏ పడవలో పోతారు, మంచం పట్టినవాళ్లు ఉన్నారా. గర్భిణీ ఉంటే ఎన్నో నెల. తొమ్మిదో నెల పడగానే ఆ ఆడపిల్లని నాగాయలంకలోనో అవనిగడ్డలోనో చుట్టాల ఇంటికి పంపించమని పిన్ని పోయి చెప్పేది. 108 బండి రేవు దాకా వస్తుంది గానీ ఏరు దాటదు కదా. కోతలకి, రొయ్యల చెరువులకి బయటి నుంచి వచ్చినవాళ్ల పేర్లు కూడా రాసింది. వాళ్లు ఊరివాళ్లు కాదు, ఓట్లు లేవు, నీకెందుకు అన్నవాళ్లు ఉన్నారు. పిల్ల పుట్టిన రోజే పేజీలో రాస్తుంది. పేరు పెట్టకపోతే, "ఫలానా ఆవిడ పాప" అని రాసి పక్కన తారీఖు వేస్తుంది. ఈ అలవాటు ఎందుకు వచ్చిందో మా అమ్మమ్మ బతికుండగా పిన్నిని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు ఆ నోటుబుక్కు చేత్తో పట్టుకుని షెల్టర్ గుమ్మం దగ్గర నిలబడి పేరు పేరునా పిలుస్తుంది. ఆ బుక్కుకి ప్రభుత్వ ముద్ర లేదు, ఏ ఆఫీసులోనూ చెల్లదు. కానీ ఒకసారి అధికారులు వచ్చినప్పుడు వాళ్ల లిస్టు కంటే పిన్ని లిస్టులో పదిమంది ఎక్కువ తేలారు. అందరూ ఎదురుగానే నిలబడి ఉన్నారు, కాదనడానికి లేదు.

నేను మన సంఘంలో కూడా అలాంటి బుక్కు మొదలుపెట్టాను. మా గల్లీలో ఒక్కో తలుపు వెనక ఎన్ని పొయ్యిలు ఉన్నాయో రాస్తున్నాను. పొయ్యి లెక్క అయితే వాటాలు తప్పవు. ఒక ఆపా ముందు భయపడింది, పేర్లు ఎందుకు రాస్తున్నావు, ఎవరికి ఇస్తావు అని. నిజమే, పేరు రాసుకునేవాళ్లని చూసి భయపడేవాళ్లు కూడా ఉంటారు. బుక్కు నా దగ్గర కాకుండా సంఘం పెట్టెలో ఉంటుంది, మూడు తాళాలు ముగ్గురి దగ్గర ఉంటాయి అని తీర్మానం చేశాకే ఆమె చెప్పింది. వాళ్ల ఇంట్లో ఏడుగురు. రేషన్ కార్డులో నలుగురు.

2021లో జరగాల్సిన జనాభా లెక్క కరోనా వల్ల జరగలేదు. ఇప్పుడు 2027కి పెట్టారు. ఇంతదాకా అన్ని పట్టికలూ 2011 అంకెల మీదే నడుస్తున్నాయి. ఈ సంగతి ఫోనులో చెప్తే పిన్ని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అయితే మీ అమ్మని ఎక్కడ రాస్తారు?" అని అడిగింది. మామూలుగా ఎక్కడ ఉంటే అక్కడే, టోలిచౌకిలోనే అన్నాను. పిన్ని ఊళ్లోంచి ఎంతమంది పోయారో వేళ్ల మీద చెప్పడం మొదలుపెట్టింది. విజయవాడ ఇన్ని ఇళ్లు, హైదరాబాదు ఇన్ని ఇళ్లు. అంతా అక్కడక్కడే రాయించుకుంటే ఊరి అంకె తగ్గుతుంది. 1,500 గీత కిందికి దిగితే 11 మంది మెంబర్లు ఉన్న ఊరికి 9 మందే వస్తారు, డబ్బూ తగ్గుతుంది. ఉన్నవాళ్లకి మాత్రం ఏరు అంతే వెడల్పు ఉంటుంది. మరి మా అమ్మ ఇక్కడ రాయించుకోకపోతే మన బస్తీ అంకె తగ్గుతుంది. రెండు చోట్లా రాయించుకుంటే అబద్ధం. నేను అమ్మనే అడిగాను. "నేను ఇక్కడి నీళ్లు తాగుతున్నా, ఇక్కడే రాయించు" అంది. కాసేపటికి మళ్లీ, "పాపం అక్కడ తగ్గుతుందేమోనే" అంది.

పోయిన సంక్రాంతికి ఊరు పోయినప్పుడు పిన్ని నోటుబుక్కు చూపించింది. చివరి పేజీలు విడిగా గీత కొట్టి ఉన్నాయి, బయటికి పోయినవాళ్ల కోసం. అందులో మా అమ్మ పేరు ఉంది. పక్కన టోలిచౌకి, హైదరాబాదు అని, నా ఫోను నంబరు. కింద నా పేరు, నా ఇద్దరు పిల్లల పేర్లు, వాళ్ల పుట్టిన తేదీలు. నా చిన్నదాని తేదీ తప్పు రాసింది. పెన్ను అడిగి దిద్దాను.